మావయ్య చదువుకున్న మాటలు

మా అత్తయ్యను చాలామంది నంబరమ్మ అనేవారు. ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది గానీ, మా నాన్నలాంటి తోడబుట్టినవాళ్లకు తప్ప దాని అవసరం ఎవరికీ పడలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, పొద్దస్తమానం జనాన్ని "నంబరు చెప్పండి" అని అడగడం ఆవిడ ఉద్యోగం. బజారులో కూరగాయలు బేరమాడుతుంటే పక్కనున్నవాళ్లు చటుక్కున తల తిప్పి, "మీరు నంబరమ్మ కదూ!" అనేవారట. మొహం చూసి కాదు, గొంతు విని.

ఆ గొంతు తియ్యగా ఉంటుందని చెప్పను. పాట పాడమంటే అత్తయ్యదొక దారి, శ్రుతిదొక దారి. మాట మాత్రం గులకరాయిలా నున్నగా, గుండ్రంగా వచ్చి చెవిలో పడేది. చేరిన కొత్తలో సూపర్‌వైజరుగారు కొత్తపిల్లల్ని వరండాకి ఆ చివర ఒకరిని, ఈ చివర ఒకరిని నిలబెట్టి, అరవకుండా అంకెలు చెప్పించేదట. మూడుకీ ఏడుకీ తేడా తెలియకపోతే మళ్లీ మొదలు. గొంతు పెంచితే తిట్లు. "అరిచేదానికి ఫోనెందుకమ్మా, కిటికీ చాలు" అనేదట ఆవిడ.

మావయ్య అప్పుడు బస్సు డిపోలో గుమాస్తా. ఏ బస్సు బయల్దేరింది, ఏది దారిలో ఆగిపోయింది అన్న కబురు పక్క డిపోకి ఫోనులో అందించడం ఆయన పని. అందుకని అత్తయ్య బోర్డు మీద డిపో నంబరు దగ్గరి దీపం మాటిమాటికీ వెలుగుతూ ఉండేది. వేరే ఊరికి కలిపే ట్రంకు లైను అడగ్గానే దొరికే రోజులు కావవి. "లైనులో ఉండండి" అనేది అత్తయ్య. ఉండేవాడు మావయ్య. పక్క బల్లవాళ్లు టీకి పిలిచినా లేవకుండా, లైనులోని గరగర వింటూ రిసీవరు పట్టుకుని కూర్చునేవాడట.

ఒక వానాకాలంలో సాయంత్రం రావాల్సిన బస్సు రాలేదు. వాగు పొంగిందన్నారు. డిపో బయట జనం మూగారు. లోపల మావయ్య ఫోను తీసి, నంబరు చెప్పడం మానేసి, "అమ్మా, బస్సు కనపడటం లేదమ్మా" అన్నాడు. ఆపరేటర్లు సొంత మాటలు మాట్లాడకూడదు. అయినా అత్తయ్య ఆ దారి పొడుగునా ఎక్కడెక్కడ ఫోన్లున్నాయో ఒక్కొక్కటే కలపడం మొదలుపెట్టింది. పోస్టాఫీసు మోగింది, ఎవరూ తీయలేదు. ఒక ఆసుపత్రివాళ్లు చూడలేదన్నారు. చివరికి ఎవరిదో రంపపు మిల్లులో కాపలావాడు తీశాడు. "బస్సా? ఇక్కడే ఉందండీ. జనమంతా మా షెడ్డులో కూర్చుని బట్టలు ఆరబెట్టుకుంటున్నారు."

మర్నాడు థాంక్స్ చెబుదామని మావయ్య ఎక్స్ఛేంజికి వెళ్లాడు. లోపలికి పంపించలేదు. డ్యూటీ దిగేవేళకి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆడవాళ్లు గుంపుగా బయటికొచ్చారు. వీళ్లలో ఎవరని పోల్చుకోవాలి? ఒక్కొక్కరే ఆయన్ని దాటి వెళ్లిపోయారు. అప్పుడొకామె కాపలాదారును, "ఎవరండీ ఆయన, పాపం ఇందాకట్నుంచీ నిలబడ్డారు?" అని అడిగింది. మావయ్య గిర్రున తిరిగి, "మీరే!" అన్నాడు. ఆ తర్వాత ఇంకేం మాట్లాడాలో ఆయనకి తోచలేదట. చెప్పాల్సిన థాంక్స్ పెళ్లయ్యాక చెప్పాడని అత్తయ్య నవ్వేది.

వాళ్లకి పిల్లల్లేరు. సెలవులన్నీ నేను వాళ్లింట్లోనే గడిపేదాన్ని. రెండు గదుల ఇల్లు, వెనక చిన్న పెరడు, ముందు గదిలో ఒక నీలం సోఫా. ఆ ఇంట్లో మాటలకి కొదవలేదు. మావయ్య పేపరు చదువుతుంటే వంటింట్లోంచి అత్తయ్య మాట్లాడేది. మావయ్య స్నానం చేస్తుంటే తలుపు బయట నిలబడి మాట్లాడేది. మధ్యలో ఎవరైనా వస్తే, "లైనులో ఉండండి, ఇప్పుడే వస్తా" అని గుమ్మం దగ్గరికి వెళ్లేది. ఆయన సబ్బు నురగతోనే "ఉన్నా, ఉన్నా" అనేవాడు.

ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చాక అత్తయ్యని ఫిర్యాదుల విభాగంలో వేశారు. అక్కడే రిటైరైంది. మావయ్య డిపో మేనేజరై రిటైరయ్యాడు. తర్వాత కొన్నాళ్లకి ఆయన చెవులు మొండికేశాయి. మొదట్లో ఆయన ఒప్పుకోలేదు. "నువ్వే గొంతు తగ్గించావు" అని అత్తయ్య మీదికి నెట్టాడు. చెవి మిషను పెట్టించారు. "ఇందులో మాటలకంటే ఈలలే ఎక్కువొస్తున్నాయి" అని తీసి సొరుగులో పడేశాడు. పోనుపోనూ ఈలలు కూడా వినపడలేదు. అత్తయ్య ఎంత గట్టిగా అరిచినా లాభం లేకపోయింది. అరవడం కూడా ఆవిడకి చేతకాదు. ఇల్లు ముగ్గులేని వాకిలిలా బోసిపోయింది.

అప్పుడు నేను ఒక టాబ్లెట్ కొని తీసుకెళ్లాను. ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఆ మాటలు తెర మీద పెద్ద పెద్ద అక్షరాలుగా పడతాయి. అత్తయ్య ముందు నమ్మలేదు. "ఏవండీ, కాఫీ తాగుతారా?" అంది దాంతో. తెర మీద ఉన్నదున్నట్టు వచ్చింది. మావయ్య కళ్లజోడు సవరించుకుని చదివి, "తాగుతాను" అన్నాడు. అత్తయ్య కాఫీ పెట్టడానికి లేవలేదు. ఆ అక్షరాల వైపే చూస్తూ ఉండిపోయింది.

ఇక చూడాలి వాళ్ల సందడి. టాబ్లెట్‌కి ఒక చెక్క స్టాండు చేయించారు. భోజనాల బల్ల మీద అదొక మూడో మనిషిలా కూర్చునేది. అప్పుడప్పుడూ తప్పులు రాసేది. "గడియ పెట్టారా?" అంటే "గాడిద పెట్టారా?" అని పడేది. "కళ్లజోడు ఎక్కడ పెట్టారు?" అంటే "కళ్లజోడు ఎక్కడ పుట్టారు?" అని వస్తే, మావయ్య బాగా ఆలోచించి, "కళ్లజోళ్ల కొట్లోనే పుట్టి ఉంటాను" అనేవాడు. పైగా ఆయనకి ప్రతిదీ పైకి చదవడం అలవాటు. తన గొంతు తనకి వినపడదు కాబట్టి ఆ చదవడం వీధి చివరిదాకా వెళ్లేది. అత్తయ్య గుట్టుగా అనుకున్న మాటల్ని కూడా ఆయన చాటింపు వేసేవాడు. "పక్కింటావిడ కొత్త చీర ఏం బాలేదు" అన్న మాటకి అత్తయ్య చాలా రోజులు గోడవైపు వెళ్లలేదు.

ఇలా నడుస్తుండగా ఒక ఉదయం అత్తయ్య దగ్గర్నుంచి ఫోను. "అమ్మడూ, ఇది లేవడం లేదే."

"ఏది?"

"ఇంకేది, మా టాబ్లెట్టు. కంపెనీ బొమ్మ వస్తుంది, పోతుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. నిన్న కొత్తదేదో ఎక్కించుకోమంటావా అనడిగింది. నేను సరేనన్నాను. మీ మావయ్య మధ్యలో ఛార్జరు పీకేశారు."

వెనక నుంచి మావయ్య గొంతు గంభీరంగా వినిపించింది. "నా మీద చెప్తోందా?"

ఆఫీసులో పనుల వల్ల నేను వెంటనే వెళ్లలేకపోయాను. వారాంతం దాకా వాళ్లు పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకుని గడిపారు. ఇక్కడొక సంగతి బయటపడింది. నోటితో గంటలు గంటలు మాట్లాడే అత్తయ్యకి రాయడమంటే మహా బద్ధకం. నేను వెళ్లేసరికి బల్ల మీద కాగితాలున్నాయి. "తినండి." "మాత్ర." "తమ్ముడి కూతురు వస్తోంది." మావయ్య అవి నాకు చూపించి, "చూశావా కోడలు పిల్లా! టెలిఫోను పిల్లని పెళ్లి చేసుకుంటే ముసలితనంలో టెలిగ్రాములిస్తోంది" అన్నాడు.

టాబ్లెట్ తీసుకుని ముగ్గురం రిపేరు షాపుకి వెళ్లాం. మెట్ల కింద ఇరుకు గది. గోడ నిండా ఫోను కవర్లు, బల్ల మీద దీపం, దాని కింద విప్పిన ఫోన్లు. షాపు నడిపే అమ్మాయి జుట్టు ముడి వేసుకుని, ఆ ముడిలోనే చిన్న స్క్రూడ్రైవరు గుచ్చుకుంది. టాబ్లెట్ తీసుకుని రెండు మూడు మీటలు కలిపి నొక్కింది. ఏవో గీతలొచ్చాయి, మళ్లీ బొమ్మ దగ్గరే ఆగింది.

"వస్తువు బాగానే ఉందండీ. లోపలి ఆపరేటింగ్ సిస్టం పాడైంది. అప్‌డేట్ సగంలో ఆగిపోయిందిగా. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాలి."

"ఎక్కించు తల్లీ, అందుకేగా వచ్చాం" అంది అత్తయ్య.

"లోపలున్నవన్నీ పోతాయి. ఫొటోలూ, రాసుకున్నవీ. తీసుకోడానికి వీల్లేదు, అది తెరుచుకోవడమే లేదు కదా. పర్లేదా?"

"ఏముంటాయి అందులో? మాకేం ఫొటోలు లేవు. కానివ్వు."

మావయ్య మా పెదాల వంకే చూస్తూ, "ఏమంటోంది?" అన్నాడు. నేను బిల్లు పుస్తకంలోంచి ఒక చీటీ అడిగి, ఆ అమ్మాయి చెప్పింది రాసిచ్చాను. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. చెయ్యి చాచి బల్ల మీది టాబ్లెట్ తీసుకుని చంకలో పెట్టుకున్నాడు.

"అయితే వద్దులే అమ్మా. ఇలాగే ఉండనీ."

షాపులో అందరూ ఇటే చూశారు. అత్తయ్య చేతులు తిప్పుతూ ఎందుకని అడిగింది. మావయ్య సమాధానం చెప్పడానికి కొంచెం సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే వీధంతా వినపడేలా చెప్పాడు.

"మధ్యాహ్నాలు నువ్వు నిద్రపోతావుగా. అప్పుడు నేనేం చదువుకోవాలి?"

అప్పటిదాకా మా ఇద్దరికీ తెలియదు. ఆ టాబ్లెట్ ప్రతిరోజూ అత్తయ్య అన్న మాటల్ని దాచుకుంటుంది. రోజుకొక పేజీ. వెనక్కి జరుపుకుంటూ పోతే కొన్న రోజుదాకా అన్నీ ఉంటాయి. మావయ్య అది ఎప్పుడో కనిపెట్టాడు. అత్తయ్య కునుకు తీసేవేళ నీలం సోఫాలో కూర్చుని పాత రోజులు తీసి చదువుకునేవాడు. ఆ ఒక్క వేళ మాత్రం పైకి చదవకుండా జాగ్రత్తపడేవాడట.

అత్తయ్య నా చేతిలోంచి పెన్ను లాక్కుని చీటీ మీద గబగబా రాసింది. "అందులో ఏముందండీ! గ్యాసు కట్టారా, తువ్వాలు తీశారా, ఇవేగా!"

"అవే" అన్నాడు మావయ్య.

ఆ రోజు టాబ్లెట్‌ని అలాగే ఇంటికి తెచ్చేశాం. ఇంటికొచ్చాక మావయ్య దాన్ని స్టాండు మీద పెట్టి, గుడ్డతో తుడిచాడు. తెర మీద బొమ్మ వచ్చింది, పోయింది. అత్తయ్య వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద కోపం చూపించింది. పాపం ఆయనకి గిన్నెల చప్పుడు కూడా వినపడదు.

నేను నచ్చజెబుదామని కాగితం తీశాను. "ఇంకోటి కొనిస్తాను మావయ్యా. ఇది ఇలాగే దాచుకోండి" అని రాశాను. ఆయన చదివి తల ఊపాడు, ఔనని కాదు, కాదనీ కాదు. "తెరుచుకోని పెట్టెని దాచుకుని ఏం చేస్తాం, అదీ నిజమే. కానీ తుడిచెయ్యమని నా నోటితో అనలేను" అన్నాడు.

అత్తయ్య చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. కాగితం పక్కకి నెట్టేసింది. ఆయన గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, ఒక్కొక్క మాటే, వరండా చివర్న ఉన్నవాళ్లకి చెప్పినట్టు, నోరు బాగా తెరిచి చెప్పింది.

"మళ్లీ చెప్తా. అన్నీ. మొదటినుంచీ."

మావయ్య ఆవిడ పెదాలనే చూస్తున్నాడు. కాగితం అడగలేదు. "మొదటినుంచీనా?" అన్నాడు.

"ఆఁ."

"విసుక్కోకుండా?"

అత్తయ్య కాసేపు ఆలోచించి, "విసుక్కుంటా. అయినా చెప్తా" అంది. అదెలా అర్థమైందో గానీ ఆయన పెద్దగా నవ్వి, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

మమ్మల్ని మళ్లీ చూసి షాపు అమ్మాయి లోపలికి రమ్మంది. మూడు స్టూళ్లు వేసింది. టాబ్లెట్‌ని ఒక వైరుతో తన కంప్యూటరుకి కలిపి, "ఇది పూర్తయ్యేదాకా ఎవరూ కదిలించకండి. మధ్యలో తెగితే మళ్లీ మొదటికొస్తుంది" అంది. నేను చేతులతో చూపించాను. మావయ్య తన స్టూలు ఎత్తి రెండడుగులు వెనక్కి వేసుకున్నాడు. గాలి తగిలి వైరు ఊడుతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా పీల్చాడు.

తెర మీద సన్నటి గీత ఒకటి పాకడం మొదలైంది. సగందాకా బాగానే వచ్చింది. అక్కడ ఆగింది. అత్తయ్య ఇక ఉండబట్టలేక, "ఆ పిన్ను వదులుగా ఉన్నట్టుంది, ఓసారి చూడమ్మా. నా అనుభవంతో చెప్తున్నా" అంది.

"లేదాంటీ, పిన్ను గట్టిగానే ఉంది. ఇది ఇక్కడ ఎప్పుడూ ఆగుతుంది. పెద్ద ఫైలు" అంది ఆ అమ్మాయి.

"ఓహో" అని అత్తయ్య బుద్ధిగా చేతులు కట్టుకుంది. కాసేపటికి ఆ గీత మీద నుంచి చూపు తిప్పకుండానే నాతో చెప్పడం మొదలుపెట్టింది.

"మా బోర్డు మార్చిన రోజు కూడా ఇలాగే కూర్చున్నామే. కింద హాల్లో కొత్త యంత్రం, పైన మేము. ఇంజినీర్లు గోడ గడియారం వంక చూస్తున్నారు. మాతో అన్నారు, అమ్మా, మీరు సీట్లలోనే ఉండండి, అటు ఏదైనా తేడా వస్తే మళ్లీ మీరే అందుకోవాలి అని. సరేనని హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాం. ఎవరో చెయ్యెత్తి సైగ చేశారు. అంతే. బోర్డంతా చల్లబడిపోయింది. ఒక్క దీపం లేదు. అన్నేళ్లలో ఆ బోర్డు మీద దీపం లేకుండా నేనెప్పుడూ చూళ్లేదు. మేమేమో కూర్చునే ఉన్నాం, ఏదైనా తేడా రాకపోతుందా అని. పక్కసీటు పిల్ల ఏడుస్తోంది. నేను ఏడవలేదు. నాకు ఒకటే ఆశ్చర్యం. ఇప్పుడు ఊళ్లో అందరూ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటున్నారు, నాకు తెలియకుండానే!"

"తేడా రాలేదా?" అని అడిగింది షాపు అమ్మాయి. చేస్తున్న పని ఆపి వింటోంది.

"ఎక్కడా! శుభ్రంగా పనిచేసింది. సాయంత్రం లేచి ఇంటికొచ్చేశాం. గుమ్మంలోకి రాగానే ఈయన, ఇవాళ గొంతు బొంగురుపోయిందేం అన్నారు. నేనప్పటికి ఒక్క మాటే మాట్లాడాను, తలుపు తియ్యండి అని."

అత్తయ్య మావయ్య వైపు చూసింది. ఆయన మా మాటలేవీ తెలియక, గీత కదిలిందేమోనని మెడ సాచి చూస్తున్నాడు.

గీత కదిలింది. చివరంటా వెళ్లింది. టాబ్లెట్ ఒకసారి చీకటైంది. మళ్లీ అదే బొమ్మ వచ్చింది. ముగ్గురం కొయ్యబారిపోయాం. ఈసారి బొమ్మ పోయాక తెల్లటి తెర తెరుచుకుని, ఏ భాష కావాలని అడిగింది. మావయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఆ అమ్మాయి అన్నీ మళ్లీ పెట్టింది. తెలుగు పెట్టింది, అక్షరాలు పెద్దవి చేసింది, మాటలు రాసే యాప్ ఎక్కించింది. "ఊఁ, మాట్లాడండాంటీ" అని అత్తయ్య ముందు పెట్టింది. అన్నేళ్లు ఊరంతటితో మాట్లాడిన మనిషికి అప్పుడు మాట రాలేదు. గొంతు సవరించుకుంది. కొంగు సర్దుకుంది.

"వినిపిస్తోందా?" అంది.

తెర మీద ఆ ఒక్క మాటా పడింది, చిన్న తప్పు కూడా లేకుండా. మావయ్య దాన్ని వేలితో తడిమి, "వినిపిస్తోంది!" అన్నాడు. మెట్ల మీద వెళ్తున్నవాళ్లు తొంగిచూశారు.

మర్నాడు ఆదివారం. నేను వెళ్లేసరికి ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. టాబ్లెట్ మధ్యలో ఉంది. అత్తయ్య చెప్పడం అప్పుడే మొదలుపెట్టింది. "మా ఇల్లు నూలు మిల్లు పక్కన ఉండేది" అంటోంది.

మావయ్య పైకి చదివి ఆపేశాడు. "ఇదేంటి? మన పెళ్లి దగ్గర్నుంచి కదా మొదలు?"

"మొదలంటే మీరు కాదండీ. నేను."

అది కూడా ఆయన పైకి చదివాడు. తర్వాత, సరే కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

అత్తయ్య చెప్పింది. మిల్లు చప్పుడులో ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదట. వాళ్ల నాన్న మిల్లులోనే మరలు తుడిచేవాడు. అన్నానికి పిలవడానికి అత్తయ్యను పంపేవారు. ఎంత అరిచినా ఆ చప్పుడు మింగేసేది. ఒకరోజు ఆయన కూతుర్ని కూర్చోబెట్టి, అరవకు, నా మొహం చూస్తూ నిదానంగా చెప్పు, నాకు తెలుస్తుంది అన్నాడట. మిల్లులో పనిచేసేవాళ్లందరికీ పెదాలు చూసి మాట పట్టడం వచ్చునట. ఇదేదీ నాకు తెలియదు. మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు. అప్పటికి ఆయనింకా పుట్టలేదు.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు మావయ్య.

"మీరెప్పుడు అడిగారు? మీకెంతసేపూ బస్సులు."

టాబ్లెట్ బస్సుల్ని బుస్సులు చేసింది. మావయ్య ఆ బుస్సుల్ని అలాగే చదివి నవ్వుతుంటే, పక్కింటావిడ గోడమీంచి, "ఏంటండీ నంబరమ్మగారూ, టాబ్లెట్టు బాగైందా?" అని కేక వేసింది. ఆ కేక కూడా తెర మీద పడింది. మావయ్య గోడవైపు తిరిగి చెయ్యి ఊపి, మళ్లీ ఇటు తిరిగాడు.

"ఊఁ, చెప్పు. మీ నాన్నని అన్నానికి పిలిచావు. తర్వాత?"

అత్తయ్య మంచినీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, మళ్లీ అందుకుంది.